ఇంకొక్క ఏడాది అడిగిన తోటమాలి

పీజీ మెడికల్ ప్రవేశ పరీక్ష ఫలితాలు వెలువడిన తరువాతి ఆదివారం మన సంఘాల్లో రెండు దృశ్యాలు కనిపిస్తాయి. ఆరాధన చివరలో ఒక కుటుంబం స్వీటు బాక్సులతో ముందుకు వస్తుంది. తండ్రి మైకు పుచ్చుకుని బిడ్డకు వచ్చిన ర్యాంకు చెబుతాడు. దేవుడు తమ కుటుంబం పట్ల ఎంత నమ్మదగినవాడో సాక్ష్యమిస్తాడు. కృతజ్ఞత కానుక కవరు బల్ల మీద ఉంచుతాడు. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. మంచిదే. ఇతరుల సంతోషంలో పాలు పంచుకోవాలనే కదా పౌలు రోమా సంఘానికి నేర్పించాడు! రెండో దృశ్యం చూడాలంటే మాత్రం మెడ కాస్త తిప్పాలి. ఎడమవైపు నాలుగో బెంచీ ఖాళీగా ఉంటుంది. "ఊరెళ్లినట్టున్నారు" అని ఎవరో అంటారు. ఊరెళ్లలేదు. ఇంట్లోనే ఉన్నారు, తలుపు వేసుకుని.

ఆ బెంచీ ఖాళీ కావడానికి పరీక్ష ఒక్కటే కారణం కాదు, మేమూ కారణమే. ఈ మాట రాయడానికి మాకు చాలాకాలం పట్టింది.

ఇంటర్ తరువాత నీట్ కోసం 'లాంగ్ టర్మ్' అన్న మాట తెలుగు ఇళ్లలో తెలియనివారు లేరు. ఈ వారం మేము రాస్తున్నది ఆ మెట్టు దాటినవారి గురించి. నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ ముగించి, పేరు ముందు డాక్టర్ అని రాసుకునే హక్కు సంపాదించుకున్న యౌవనస్థుల గురించి. వాళ్ల ఎదుట నీట్ పీజీ ఉంటుంది. 200 ప్రశ్నలు, 800 మార్కులు. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. దేశం మొత్తం మీద రెండు లక్షల మందికి పైగా రాస్తారు. ఎన్నిసార్లయినా రాయవచ్చు, పరిమితి లేదు. పరిమితి లేకపోవడం కొందరికి ఊపిరి, కొందరికి ఉచ్చు.

మా సంఘంలో ఒక అమ్మాయి ఉంది. తండ్రి ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. ఆమె 2021లో హౌస్ సర్జన్సీ ముగించింది. ఆ ఏడాది ఏప్రిల్ 18న జరగాల్సిన పరీక్ష కోవిడ్ వల్ల సెప్టెంబరు 11కు వెళ్లింది. కౌన్సెలింగ్ కోర్టు వ్యాజ్యంలో చిక్కుకుని 2022 జనవరి దాకా మొదలు కాలేదు. ఆమెకు వచ్చిన ర్యాంకుకు ఎటూ సీటు రాదు. సరే, మళ్లీ రాద్దామనుకుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మన సంఘాల్లో వాగ్దాన కార్డులు తీసే అలవాటుంది కదా! ఆమె చేతికి యిర్మీయా 29:11 వచ్చింది. దేవుడు మేలే తప్ప కీడు తలపెట్టడని, రాబోయే కాలానికి నిరీక్షణ ఉంచాడని చెప్పే వచనం. మేము ఆ కార్డు అందుకుని, చదివి, మైకులో అన్నాం: "ఈ సంవత్సరం మన సంఘానికి ఒక ఎం.డి. డాక్టరమ్మ రాబోతోంది!" అందరూ హల్లెలూయ అన్నారు. ఆమె తల్లి ఏడ్చింది.

2022 మే 21న రాసిన పరీక్షలో ఆమెకు ఫిజియాలజీ సీటు వచ్చేపాటి ర్యాంకు వచ్చింది. ఆమె కోరుకున్నది జనరల్ మెడిసిన్. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయిపోయి, కమిటీ మీటింగు మొదలుకాబోయే ముందు తండ్రితో కలిసి మా దగ్గరకొచ్చింది. "అయ్యగారూ, ఈ సీటు తీసుకోనా? ఇంకో ఏడాది ఆగనా?" అనడిగింది. ఆ అమ్మాయికి మేమిచ్చిన సమయం అయిదు నిమిషాలు. "వాగ్దానం ఉంది కదమ్మా, సగంలో ఎందుకు దిగిపోవడం?" అన్నాం. ఆమె ఆ సీటు వదిలేసింది. 2023 మార్చి 5న మూడోసారి రాసింది. ర్యాంకు ఇంకా కిందికి పోయింది.

ఫిజియాలజీ వదలడం తప్పా ఒప్పా అన్నది మేము ఇప్పటికీ చెప్పలేం. అది వైద్యుల్ని తయారుచేసే గౌరవమైన శాస్త్రం, కానీ రోగి మంచం పక్కన నిలబడాలని తపించే మనసుకు అది సరిపడకపోవచ్చు. మా తప్పు అక్కడ లేదు. ఒక బిడ్డ తన బతుకులోని ఒక ఏడాది గురించి అడిగితే, మేము దేవుని పేరు వాడి జవాబు తేల్చేశాం. నాలుగు నెలల తరువాత వాళ్లింటికి వెళితే ఆ తండ్రి గేటు దగ్గరే నిలబెట్టి అన్నమాట ఇది: "దేవుడు మాట తప్పాడని మా అమ్మాయి అనుకుంటోందండీ. అసలు ఆ మాట ఇచ్చింది దేవుడేనా అని నేననుకుంటున్నాను."

ఇంటికొచ్చి యిర్మీయా గ్రంథం తెరిచాం. సెమినరీలో ఆ అధ్యాయాలు పాఠంగా చదివాం, పరీక్ష రాశాం, పాసయ్యాం. అయినా క్యాలెండర్ల మీద, హాల్ టికెట్ల వెనుక ఆ వచనాన్ని రాసిస్తూ పోయామే గాని, దాని పైన ఉన్న పదో వచనాన్ని ఎవరికీ చదివి వినిపించలేదు. బబులోను చెరలో డెబ్బై ఏళ్లు నిండాకే విడుదల అని అక్కడుంది. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దల్లో ఎక్కువమంది ఆ విడుదలను కళ్లారా చూడలేదు! అంతకుముందున్న వచనాల్లో, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి అని ప్రవక్త రాశాడు. ఇక దానికి ముందున్న 28వ అధ్యాయం చదివినప్పుడు మా ఒళ్లు జలదరించింది. అక్కడ హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో జనమంతా వింటుండగా రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని ప్రకటించాడు. జనానికి నచ్చే మాట, తారీఖుతో సహా చెప్పాడు. పంపింది మాత్రం దేవుడు కాదు. డిసెంబరు 31 రాత్రి మైకు పట్టుకున్నప్పుడు మేము యిర్మీయా అనుకున్నాం. మా నోట్లో ఉన్నవి హనన్యా మాటలు.

కాపరులందరికీ మా మనవి ఒక్కటే. విద్యార్థి తల మీద చేయి పెట్టి ప్రార్థించండి, ఉపవాసముండండి. కానీ సంవత్సరం, ర్యాంకు, బ్రాంచి పేరు చెప్పి ప్రవచించకండి. ఆ మాట పట్టుకుని ఒక కుటుంబం ఏడాది ఆగుతుంది. ఆ ఏడాది తిరిగి ఇవ్వగలిగినవాళ్లం మనం కాదు.

ఇంతకీ ఈ పిల్లలు దేనికోసం ఆగుతున్నారు? సంఘంలో చాలామందికి ఇది తెలియదు. 2023 సెప్టెంబరులో పీజీ కౌన్సెలింగ్‌కు కావలసిన అర్హత పర్సంటైల్‌ను కేంద్ర ఆరోగ్యశాఖ అన్ని కేటగిరీలకూ సున్నాకు తగ్గించింది. అంటే పరీక్ష రాస్తే చాలు, కౌన్సెలింగ్‌కు రావచ్చు. ఎందుకంటే సీట్లు మిగిలిపోతున్నాయి, ముఖ్యంగా అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ వంటి నాన్ క్లినికల్ సబ్జెక్టుల్లో. ఒకవైపు ఖాళీ సీట్లు, మరోవైపు ఏళ్ల తరబడి ఎదురుచూపులు! అందువల్ల "సీటు రావాలి ప్రభువా" అన్న ప్రార్థన ఎంత అస్పష్టమో చూడండి. ఏ సీటు? ఎందుకు? జనరల్ మెడిసిన్ మీద నిజంగా మనసుండి ఆగేవారున్నారు. రేడియాలజీ, డెర్మటాలజీ అయితే రాత్రి డ్యూటీలు ఉండవని, డబ్బొస్తుందని ఆగేవారున్నారు. పెళ్లి సంబంధాల్లో "ఉత్త ఎంబీబీఎస్సేనా?" అన్న ప్రశ్నకు భయపడి ఆగేవారూ ఉన్నారు. (ఆ ప్రశ్న అడిగేది బయటివాళ్లు కాదు, మన బెంచీల్లో కూర్చునేవాళ్లే. ఆదివారం ఎంబీబీఎస్ బిడ్డకోసం చప్పట్లు కొట్టి, సోమవారం సంబంధం మాట్లాడేటప్పుడు ముక్కు విరిచేది మనమే.) ఏ కారణంతో ఆగుతున్నామో దేవుని ఎదుట నిజం చెప్పుకుంటే, ఆగాలో వద్దో సగం తేలిపోతుంది.

ఆగడం అవిశ్వాసం అని మేము అనడం లేదు. హౌస్ సర్జన్సీలో ముప్పై ఆరు గంటలు నిద్రలేకుండా డ్యూటీ చేసిన పిల్ల, ఈసారి రాయను, డ్యూటీలు ముగిశాక ఏడాది కూర్చుని చదివి రాస్తాను అంటే, అది భయం కాదు, లెక్క. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవాలని ప్రభువే చెప్పాడు గదా (లూకా 14:28). అలాగే ఒకసారి తప్పినవాడు మళ్లీ రాయడం సిగ్గుపడాల్సిన పనీ కాదు. మరి ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు చాలనుకోవాలి? ఈ ప్రశ్నతోనే మేము లూకా 13వ అధ్యాయం దగ్గర చాలా రోజులు కూర్చున్నాం.

ఆ అధ్యాయం రెండు దుర్వార్తలతో మొదలవుతుంది. బలి అర్పిస్తున్న గలిలయులను పిలాతు చంపించాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ పాపులా? కానే కాదు అన్నాడు యేసు ప్రభువు. జరిగిన కీడును చూసి మనిషి పాపాన్ని తూకం వేసే అలవాటును ఆయన అక్కడికక్కడే కొట్టిపారేశాడు. మరి మన సంఘాల్లో ఏం జరుగుతోంది? ర్యాంకు రాని పిల్ల తల్లిని స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ పక్కకు పిలిచి, "ఇంట్లో కుటుంబ ప్రార్థన సరిగా జరుగుతోందా?" అని అడుగుతుంది. ప్రేమతోనే అడుగుతుంది. కత్తిపోటు కంటే లోతుగా దిగుతుంది.

దాని వెంటనే ప్రభువు అంజూరపు చెట్టు ఉపమానం చెప్పాడు. నాలుగు సువార్తల్లో ఈ ఉపమానం లూకా ఒక్కడే రాశాడు. మూడేళ్లుగా యజమాని వచ్చి చూస్తున్నాడు, పండ్లు లేవు. నరికేయమన్నాడు. తోటమాలి అడ్డుపడి ఒక్క ఏడాది గడువు అడిగాడు. అది మారుమనస్సు గురించిన ఉపమానం, పరీక్షల గురించి కాదు. ఆ సంగతి మరచిపోయి మాట్లాడితే మాకు పాఠం చెప్పిన గురువులు క్షమించరు. అయినా ఓపిక ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది. తోటమాలి ఊరికే ఏడాది అడగలేదు. చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను అన్నాడు. గడువు కూడా తానే పెట్టాడు. అప్పటికీ కాయకపోతే నరికేయవచ్చన్నాడు. ఇంకో సంగతి గమనించారా? ఆ ఏడాదంతా కష్టపడేది చెట్టు కాదు, తోటమాలి.

తవ్వడమంటే వేళ్ల దగ్గరకు వెళ్లి చూడటం. పోయినసారి ఎందుకు తప్పింది? తెలియకా, తొందరపడా? మేము లెక్కల మాస్టర్లం కాము గాని, ఒక తమ్ముడు కాగితం మీద వేసి చూపించాడు. 110 ప్రశ్నలకు సరైన జవాబు రాసి, మిగిలిన 90 గుడ్డిగా గుర్తుపెట్టి తప్పితే 350 మార్కులు. అవే 110 సరిగ్గా రాసి, తప్పినవి 50కి ఆపి, 40 వదిలేస్తే 390. చదువు అంతే, నలభై మార్కులు తేడా. ఇలాంటి కారణం ఒకటి దొరికితే మళ్లీ రాయడానికి అర్థముంది. అప్పు తీర్చడానికి నెలంతా రాత్రి డ్యూటీలు చేసినందువల్ల చదువు సాగలేదని తేలితే, ఆ అప్పు సంగతి చూడాలి. ఏ కారణమూ వెతక్కుండా, అదే గది, అవే పుస్తకాలు, అదే ఫోన్ యాప్, అదే భయంతో మూడోసారి, నాలుగోసారి కూర్చోవడాన్ని మాత్రం మేము విశ్వాసం అనలేం. తవ్వకుండా, ఎరువు వేయకుండా ఏడాది గడిపితే చెట్టు వయసు పెరుగుతుంది, అంతే.

గడువు పెట్టుకోవాల్సింది ఆ యౌవనస్థులే. మనం కాదు. ఫలితాలు వచ్చిన రోజు ఏడుస్తూ కాదు, పరీక్షకు ముందే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు. "ఇన్నిసార్లు రాస్తాను. రాకపోతే ఇది చేస్తాను" అని కాగితం మీద రాసుకోవాలి. రెండో వాక్యం లేకపోతే మొదటిది నిలబడదు. దారులు లేకపోలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చేరి పనిచేసినవారికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పీజీలో సర్వీసు కోటా ఉంది. నిబంధనలు మారుతుంటాయి, ఏటా చూసుకోవాలి. ఎండీకి సమానమైన డీఎన్‌బీ ఉంది, అందులో ఫ్యామిలీ మెడిసిన్ ఉంది. ప్రజారోగ్యంలో మాస్టర్స్ ఉంది. ఇక మేనేజ్‌మెంట్ కోటా కోసం ఉన్న ఒక్క ఇల్లూ అమ్మే సంగతి. దాని మీద ప్రార్థన చేయమని మా దగ్గరకు వచ్చేవారికి, ముందు రెండో బిడ్డను కూడా పిలిచి కూర్చోబెట్టండి అంటాం. ఆ ఇల్లు ఆ బిడ్డది కూడా.

ఎరువు సంఘం పని. అది గౌరవప్రదమైన పని కాదు, చేతులు కంపు కొడతాయి. వారమంతా తాళం వేసి ఉండే సండే స్కూలు గదికి ఫ్యాను, ఇన్వర్టరు పెట్టించి, చదువుకునే పిల్లలకు తాళం చెవి ఇవ్వడం ఎరువు. హైదరాబాదులో స్టడీ హాలు ఫీజు, హాస్టలు ఫీజు కట్టలేని ఇంటికి మూడో కంటికి తెలియకుండా సాయం చేయడం ఎరువు. 2024లో జూన్ 23న జరగాల్సిన నీట్ పీజీని ముందురోజు రాత్రి వాయిదా వేశారు, ఆగస్టు 11న జరిపారు. రైళ్లెక్కి వేరే ఊళ్లకు చేరుకున్న పిల్లలు లాడ్జి గదుల్లో ఆ వార్త విన్నారు. ఆ రాత్రి అలాంటి పిల్లలకు ఫోన్ చేసి, "అన్నం తిన్నావా?" అని అడిగిన సంఘ పెద్ద ఎవరైనా ఉంటే, ఆయన నెల రోజుల ఉపవాస కూడికల కంటే ఎక్కువ చేశాడు. అన్నిటికంటే చవకైన ఎరువు, "ఏమైంది రిజల్టు?" అని అడగకపోవడం. దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. అయినా మన చేత కావడం లేదు!

ఇంకొకటి. ఈ పిల్లల్ని మనం డాక్టర్లుగా చూడడం మానేశాం. "పీజీకి ప్రిపేరవుతోంది" అని పరిచయం చేస్తాం. గుంటూరువారికి కుగ్లర్ ఆసుపత్రి తెలుసు. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1879లో అమెరికాలో వైద్య పట్టా తీసుకుంది. 1883లో లూథరన్ మిషన్ ఆమెను గుంటూరుకు పంపింది గాని, వైద్యురాలిగా పంపలేదు. వైద్య సేవ మొదలుపెట్టడానికి బోర్డు అప్పటికి సిద్ధంగా లేదు. బోధనా పని అప్పజెప్పారు. ఆమె ఆ పని చేస్తూనే, తన వెంట తెచ్చుకున్న మందులతో, పిలిచిన ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసింది. 1885 డిసెంబరులో గాని ఆమెను మెడికల్ మిషనరీగా నియమించలేదు. ఆసుపత్రి తెరిచేసరికి 1898 వచ్చింది. పట్టాకూ ఆసుపత్రికీ మధ్య పందొమ్మిదేళ్లు. ఆమెలాగా ఓర్చుకోండి అని పిల్లలకు చెప్పడానికి దీన్ని రాయడం లేదు. అలాంటి ఉదాహరణలు వాళ్లు చాలా విన్నారు, విసిగిపోయారు. మేము చూస్తున్నది ఆమె తలుపు తట్టినవాళ్లను. బోర్డు నియామకం కోసం వాళ్లు ఆగలేదు. ఊళ్లో ఒక డాక్టరమ్మ ఉందని విన్నారు, బిడ్డను ఎత్తుకుని వచ్చారు. మన మధ్య ఎంబీబీఎస్ చదివిన బిడ్డ ఉంటే, నెలకోసారి సంఘంలో ముసలివాళ్ల బీపీ, షుగరు చూడమని అడిగామా? ఆ బిడ్డకు అందులో తీరిక లేకపోతే లేదంటుంది. అడిగితే కదా, మనం తనను డాక్టరనుకుంటున్నామని తనకు తెలిసేది.

మేము ఆ అమ్మాయిని క్షమాపణ అడగడానికి 2025 దాకా ధైర్యం చాలలేదు. అప్పటికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరుగా చేస్తోంది. 2024లో రాయలేదు. వాళ్ల ఇంట్లో, తండ్రి ఎదుటే, "అమ్మా, ఆ రోజు మేము చెప్పింది దేవుని మాట కాదు, మా మాట" అని చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత టీ తెచ్చిచ్చింది. మరో పరీక్షకు అప్లై చేశానని చెప్పింది. జూన్ 15న ఉండాల్సింది, రెండు షిఫ్టులు కుదరవు, ఒకే షిఫ్టులో జరపాలని సుప్రీంకోర్టు చెప్పడంతో ఆగస్టు 3కు మారిందట. "ఇదే ఆఖరుదండీ. రాకపోతే పీహెచ్‌సీ పోస్టుల నోటిఫికేషన్ పడగానే పెడతాను. నాన్నకు కూడా చెప్పాను" అంది. ఈసారి అయిదు నిమిషాల్లో లేవలేదు మేము. దేని కోసం ప్రార్థన చేయమంటావని అడిగాం. "నిద్ర పట్టాలని చేయండి అయ్యగారూ. మైకులో మాత్రం నా పేరు చెప్పకండి" అంది. వెనుక నుంచి వాళ్లమ్మ, రాత్రిళ్లు తాను లేచి ఆ గది తలుపు కింద లైటు వెలుగుతోందా అని చూస్తుంటానని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు కూతురి వైపు చూడలేదు.

అంజూరపు చెట్టు మరుసటి ఏడాది కాసిందో లేదో లూకా రాయలేదు. ఆగస్టులో ఆ అమ్మాయికి ఎంత ర్యాంకు వచ్చిందో మేమూ రాయడం లేదు, ఆమె వద్దంది. ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం నాలుగో బెంచీలో ముగ్గురూ కూర్చున్నారు. అమ్మాయి రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. ప్రసంగం మధ్యలో తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. తల్లి తట్టి లేపబోతుంటే, మేము పైనుంచి వద్దని సైగ చేసి, గొంతు కాస్త తగ్గించి మాట్లాడాం.